పచ్చ చుక్క

రాయదుర్గంలో అంగళ్ళ వీధి వెనక సందులో ఐదు ఇళ్ళున్నాయి. ఐదింటికీ ముందు గ్రానైటు మెట్లు, లోపల పాలరాతి దేవుడి గది, వెనక పెరట్లో పనిమనిషి కోసం రేకుల స్నానాల గది. ఐదిళ్ళలోనూ వంట చేసేది ఒక్క మనిషే. పేరు గంగక్క. గుమ్మఘట్ట దగ్గర ఆమెకు నాలుగెకరాల మెట్ట ఉంది. వరసగా వేరుశెనగ ఎండిపోయిన ఏళ్ళలో దాన్ని అట్లాగే వదిలేసి ఈ ఊరికి వచ్చింది. వచ్చి పదకొండేళ్ళు.

ఆమె ఇంట్లో ఆదివారం పూట మాంసం వండుతారు. మాంసం ముట్టని ఈ ఐదిళ్ళవాళ్ళకు ఆ సంగతి తెలుసు. తెలిసే పెట్టుకున్నారు, ఎందుకంటే ఆమె చేతి చారుకు సాటి లేదు. కానీ నియమం ఉంది. ఏ ఇంటికి వస్తే ఆ ఇంటి పెరట్లో స్నానం చేయాలి. తన చీర విప్పి తీగ మీద వేసి, ఆ ఇంటి చీర కట్టుకుని లోపలికి రావాలి. ఐదిళ్ళు, ఐదు చీరలు, ఐదు స్నానాలు. కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చే ఊళ్ళో ఒక మనిషి రోజుకు ఐదుసార్లు ఒళ్ళు కడుక్కోవాలి. చలికాలంలో ఆమె చేతులు పగిలి గీతలు పడేవి. ఆ చేతులతోనే వాళ్ళ చపాతీ పిండి మెత్తగా పిసికేది.

ఆ సందులో పనిమనిషి బతుకంతా ఒక్క మాట మీద ఉంటుంది. వాసన. గంగక్కకు ముందు వండిన మనిషిని ఒక ఇంట్లో "వాసనొస్తాది" అన్నారు. వారం తిరక్కుండా ఐదిళ్ళూ తలుపులు వేసుకున్నాయి. ఆ మనిషి ఇప్పుడు జీన్సు కార్ఖానాలో ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తూ కూర్చుంటుంది. నేరుగా ఎవరూ ఏమీ అనలేదు. అననక్కర లేదు. మెట్ల మీద నిలబడి ఒకామె ముక్కు చిట్లిస్తే చాలు.

మూడో ఇల్లు పద్మావతమ్మది. కొడుకు ముఖేష్‌కు బట్టల అంగడి. కోడలు సుష్మిత, ఇంజనీరింగు చదివి ఫోన్‌లో వంటల వీడియోలు చూసే మనిషి. గంగక్కకు సరుకులు తేవడం నేర్పింది పద్మావతమ్మే. "నీకు చదువు రాదు, సరే. చుక్క చూసేది వస్తాది గదా? పొట్లం మీద పచ్చచుక్క ఉంటే తే. గోధుమరంగుది, చుక్కయినా ముక్కోణమయినా, నీచుది, తాకొద్దు. తాకినా స్నానం చేసి రా." ఒకసారి బిస్కట్టు పొట్లం మీద చుక్క చెరిగిపోయి కనబడకపోతే ఎండలో అంగడిదాకా వెనక్కి పంపింది. గంగక్క అప్పటి నుంచి దేన్నయినా తిప్పి చూడకుండా ఇంట్లోకి తేలేదు.

ఒక గురువారం సుష్మిత వంటింట్లోకి వచ్చి ఫోన్ చూపించింది.

"గంగక్కా, శనివారం కిట్టీ పార్టీ మన ఇంట్లోనే. సుషీ బేక్ చేస్తాండాం."

"ఏం జేస్తాండాం?"

"సుషీ బేక్. జపానోళ్ళ వంట. చుట్టే పని లేదు, ఏం లేదు, చానా ఈజీ. ట్రేలో పరిచి ఓవెన్లో పెట్టేదే."

"ఏం పరిచేది?"

"అన్నం."

"ఉడికిన అన్నాన్ని మళ్ళ ఉడకబెట్టేదా చిన్నమ్మా?"

"ఉడకబెట్టేది కాదబ్బా, బేక్ చేసేది. నీకర్థం కాదులే. ఈ రోజు చిన్న గిన్నెలో చేసి చూస్తాం, రా."

బియ్యం ఏడుసార్లు కడగాలని ఫోన్‌లో మనిషి చెప్పాడు. ఏడుసార్లూ గంగక్కే కడిగింది. కడిగిన నీళ్ళు పారబోయలేదు. బక్కెట్లో పట్టి పెరట్లో పెట్టుకుంది, ఇంటి దగ్గర ఎనుముకు కుడితిగా పనికొస్తాయని. ఫోన్‌లో మనిషి అంతటితో ఆగలేదు. అన్నం అంటుకోవాలట. మెతుకు మెతుకుకు పట్టుకోవాలట. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో అన్నం కాస్త మెత్తబడితే "ముద్ద చేసి పెట్టినావే, ఇది కుక్కకు కలిపినావా?" అని పద్మావతమ్మ కంచం నెట్టేసేది. ఇప్పుడు అదే ముద్ద కోసం బెంగుళూరు నుంచి బియ్యం తెప్పించారు. రేషను స్టోరులో ఇచ్చే కొత్త బియ్యం వండితే సిమెంటు లాగా అంటుకుంటుందని గంగక్కకు తెలుసు. చెప్పలేదు. అడిగిందెవరు?

అన్నంలో వెనిగరు, చక్కెర, ఉప్పు కలిపారు. గాజు గిన్నెలో వేసి గరిటె వెనకతో అణిచారు. పైన వేయాల్సింది అసలైతే చేప, లేకుంటే పీత. ఇక్కడ పనీరు తురుము, క్యారెట్టు, గుడ్డు లేని మయొనీజు, ఎర్ర సాసు. పార్టీ శనివారం కాబట్టి ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. చేప కోసం పుట్టిన వంటలోంచి చేపను తీసేసి, ఉల్లిపాయను కూడా తీసేసి, దాన్ని ఇంకా జపాన్ వంట అనే అంటారు. వీళ్ళకు కావలసింది తిండి కాదు. నలుగురి ముందు పలకడానికి ఒక పేరు.

ఆఖరున సుష్మిత ఒక సీసా తీసింది. అదీ బెంగుళూరుదే. అందులో నువ్వులు, నల్లటి నాచు ముక్కలు, మధ్యలో చిత్రిక పట్టిన చెక్క పొట్టు లాంటిది ఏదో ఉంది. పైన జపాన్ అక్షరాలు, ఆకుపచ్చ ఆకు బొమ్మ. మూత తిప్పగానే గంగక్క చేయి ఆగిపోయింది.

"చిన్నమ్మా, ఇది ఎండుచేప."

చెరువు నిండడమే అరుదైన పల్లెల్లో పచ్చిచేప ఎక్కడిది? సంతలో గోనెపట్ట మీద కుప్ప పోసి అమ్మే ఎండుచేప ఒక్కటే వాళ్ళకు తెలిసిన చేప. ఆ వాసన గంగక్క కళ్ళు మూసుకుని చెప్పగలదు.

సుష్మిత నవ్వింది. "ఇది సముద్రంలో నాచు. సముద్రం వాసన రాకుండా మల్లెపూల వాసనొస్తాదా? జపాన్ సంగతి నువ్వు చెప్తావా నాకు?"

"నాకు జపాన్ తెల్దు. సంత తెలుసు. చుక్క చూసినారా?"

"ఇదో, పచ్చగా ఆకు బొమ్మే ఉండాది."

"ఆకు చుక్కెట్లయితాది?"

"ఫారిన్‌ది గంగక్కా. వాళ్ళకు చుక్కలుండవు."

సీసా వెనక అంగడివాళ్ళు అంటించిన తెల్ల రేటు చీటీ ఉంది. దాని కింద ఏముందో ఎవరూ చూడలేదు. సుష్మిత రెండు చెంచాలు చల్లి గిన్నెను ఓవెన్లోకి తోసింది. చల్లారాక ఫొటో తీసింది. రెండు ముద్దలు తిని మిగతాది మూత పెట్టింది.

ఆ సాయంత్రం పద్మావతమ్మ గుడి నుంచి వచ్చి వంటింటి గడప మీదే నిలబడిపోయింది.

"నీచు వాసన."

గంగక్క దోసకాయ తరుగుతోంది. పద్మావతమ్మ వచ్చి ఆమె పైట చెంగు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చీర ఆ ఇంటిదే. ఉతికింది ఆ ఇంటి సబ్బుతోనే. ఒళ్ళు కడిగింది ఆ ఇంటి నీళ్ళతోనే. అయినా వాసన చూసింది. అరవై ఐదేళ్ళ మనిషి, మెడలో తులసి పూసలు, ఇంకో ఆడమనిషి చెంగును కుక్క లాగా వాసన చూసింది.

"ఏం తిని వచ్చినావే?"

"ఏం తినల్యా పెద్దమ్మా. పొద్దున సంగటి, శెనగ్గింజల చట్నీ."

"మరి ఈ వాసన యాడిది?"

సుష్మిత అక్కడే ఉంది, ఫ్రిజ్‌కు ఆనుకుని. గంగక్క ఆమె ముఖం చూసింది. సుష్మిత ఫోన్ చూసుకుంది.

"విను," అంది పద్మావతమ్మ. "శనివారం సందులో వాళ్ళు నలుగురూ వస్తాండారు. ఆ పొద్దు గిన వాసన వచ్చిందంటే వాళ్ళ ముందరే చెప్తా. ఇంగ ఈ సందులో నీకు పొయ్యి లేదు."

నలుగురూ అంటే మిగిలిన నాలుగిళ్ళు. బంగారం అంగడామె, ఎరువుల అంగడామె, మెడికల్ షాపామె, చీటీలు నడిపే చీటీల ఆమె. ఒక్క మాటతో ఐదు పొయ్యిలు ఆరిపోతాయి.

శుక్రవారం గంగక్క తన ఇంట్లో తిరగమాత కూడా పెట్టలేదు. కుంకుడుకాయతో చేతులు రుద్దుకుంది. వేపాకు నలిపి రుద్దుకుంది. సందుకు వచ్చే దారిలో బస్టాండు దగ్గర నిలబడి తన అరచేయి తానే వాసన చూసుకుంది. పదకొండేళ్ళు మనిషిని వాసన చూస్తూ ఉంటే చివరికి ఆ మనిషి చేత కూడా అదే పని చేయిస్తారు. ఆమె చేయిలో కుంకుడు వాసన తప్ప ఏమీ లేదు. అయినా రెండోసారి చూసుకుంది.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పెద్ద ట్రే ఓవెన్లోకి వెళ్ళింది. పెట్టే ముందు సుష్మిత సీసా మొత్తం బోర్లించింది. ఖాళీ సీసాను చెత్తబుట్టలో పడేసింది. గంగక్క మరోసారి నోరు తెరవబోయింది. "మళ్ళ మొదలు పెట్టొద్దు గంగక్కా," అంది సుష్మిత. నాలుగు గంటలకు ఆడవాళ్ళు వచ్చారు. పట్టు చీరలు, ఓవెన్ వాసనను మింగేసేంత మల్లెపూలు, సెంట్లు, చేతుల్లో చిన్న చిన్న బ్యాగులు. సోఫా చాలక కుర్చీలు తెచ్చారు. కుర్చీలు తెచ్చింది గంగక్కే.

పద్మావతమ్మకు శనివారం ఒక్కపొద్దు. మధ్యాహ్నం తర్వాత అన్నం ముట్టదు.

"ఓవెన్లో పెట్టినంక అన్నం కాదత్తా," అంది సుష్మిత. "టిఫినే."

"టిఫినైతే సరే," అంది పద్మావతమ్మ. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న ఒక్కపొద్దు అంత సులభంగా కరిగిపోయింది.

ట్రే బల్ల మీదికి వచ్చింది. పైన ఎర్రగా కాలి, మయొనీజు బుడగలు బుడగలుగా పొంగి ఉంది. పక్కన నల్లటి నాచు రేకులు, కార్బన్ కాగితం లాగా. ఫొటోల కోసం పావుగంట దాన్ని చల్లారబెట్టారు. తర్వాత సుష్మిత చూపించింది: రేకు అరచేతిలో పెట్టుకో, చెంచాడు తీసి మధ్యలో పెట్టు, మడిచి నోట్లో పెట్టుకో.

"తమలపాకు మాదిరే," అంది ఎరువుల అంగడామె.

"సున్నం ఒకటే తక్కువ," అంది మెడికల్ షాపామె. నవ్వారు. తిన్నారు. మళ్ళీ తిన్నారు. బంగారం అంగడామె మూడు మడిచింది. "ఏం కలిపినావే సుష్మితా, నోట్లో పెట్టుకుంటే పోతాండాదే!" పద్మావతమ్మ కళ్ళు మూసుకుని నమిలింది. రెండు తిని, కోడలి తెలివికి మురిసి, మూడోది కూడా అందుకుంది.

గంగక్క వంటింటి వాకిట్లో నిలబడి చూస్తోంది. ఎవరు ముక్కు చిట్లిస్తారో అని ఐదు ముఖాలూ చూస్తోంది.

పద్మావతమ్మకు తేనుపు వచ్చింది.

చేయి అడ్డం పెట్టుకుంది. ఇంకోటి వచ్చింది. ఈసారి ఆమె ముఖం మారింది.

"గంగీ! రా ఈడికి!"

గంగక్క హాల్లోకి వచ్చింది.

"చెప్పినానా లేదా నీకు? మొన్ననే చెప్పినానా లేదా? ఒగ పొద్దు, ఒగే ఒగ పొద్దు శుద్ధంగా రావే అంటే నీ చేతల్లో ఆ నీచు పెట్టుకోని వచ్చి వంటలో కలుపుతావా? చూడండమ్మా మీరే. నా నోట్లో అదే వాసన. ఈ మనిషి చేతిది. మీ ఇండ్లల్లో కూడా ఇదే మనిషి. నేను చెప్పాల్సింది చెప్తాండా, ఇంగ మీ ఇష్టం."

చీటీల ఆమె అప్పుడే తన చేతి రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతదాకా ఆమెకు వాసన రాలేదు. చెప్పగానే వచ్చింది.

"నేను కూడా అనుకుంటాండా," అంది మెడికల్ షాపామె. "మొన్న మా ఇంట్లో సాంబారు కూడా ఒగ మాదిరి..."

సుష్మిత చేతిలో నాచు రేకు ఉంది. దాన్నే చూస్తోంది.

"ఒక్క నిమిషం ఉండండమ్మా," అంది గంగక్క.

వంటింట్లోకి వెళ్ళింది. చెత్తబుట్టలో చేయి పెట్టి సీసా తీసింది. దాని వెనక తెల్ల చీటీ అలాగే ఉంది. దాని కింద చుక్క పచ్చదైతే? అప్పుడు తను నిజంగానే పోయినట్టు. వాసన కాక అబద్ధం కూడా తన మీదే పడుతుంది. చీటీని అక్కడే గీకి చూసుకుని పోవచ్చు. పచ్చదైతే సీసాను మళ్ళీ బుట్టలో వేసి నోరు మూసుకోవచ్చు. ఆమె గీకలేదు. వాళ్ళు చూస్తుండగానే గీకాలి. లేకపోతే చీటీ తనే అంటించిందంటారు.

హాల్లోకి వచ్చి బల్ల మీది గ్లాసులోని నీళ్ళు చీటీ మీద పోసింది. గోటితో గీకింది. కాగితం ముద్ద ముద్దగా ఊడింది. కింద ఇంకో చీటీ. దాని మూల ఒక చదరం. చదరంలో గోధుమరంగు ముక్కోణం.

గంగక్క గట్టిగా ఊపిరి వదిలింది. సీసాను పద్మావతమ్మ కళ్ళద్దాల ముందు పెట్టింది.

"నాకు చదువు రాదు పెద్దమ్మా. మీరు నేర్పిన చుక్కొకటే వస్తాది. ఇదేం చుక్కో మీరే చెప్పండి."

మెడికల్ షాపామె సీసా లాక్కుని చదివింది. రోజూ మందుల పేర్లు చదివే నోరు అది. "డ్రైడ్ బొనిటో... ఫిష్... అయ్యో, చేపనే పద్మక్కా! ఎండుచేప!"

ఎరువుల అంగడామె నోరు మూసుకుని వాష్‌బేసిన్‌ వైపు పరిగెత్తింది. చీటీల ఆమె "గోవిందా గోవిందా" అంటూ లేచి నిలబడింది. బంగారం అంగడామె నోట్లో నాలుగోది ఉంది. ఉమ్మాలా మింగాలా అని ఒక క్షణం ఆలోచించింది. మింగింది.

"బెంగుళూరు అంగడోడు మోసం చేసినాడు," అంది సుష్మిత.

"గురువారమే చెప్పినా గదా చిన్నమ్మా నేను."

"చెప్తే గట్టిగా చెప్పల్ల! ఊరికే గొణిగితే ఎట్ల తెలుస్తాది నాకు?"

ఇదీ వాళ్ళ న్యాయం. చెప్పకపోతే దొంగ, చెబితే గొణిగింది.

వెంటనే గొంతులు తగ్గాయి. ఈ మాట ఈ హాలు దాటగూడదు అన్నారు. మగవాళ్ళకు తెలియగూడదు అన్నారు. సంఘంలో తెలిస్తే పెళ్ళిళ్ళకు పిలవరన్నారు. అప్పుడు అందరి కళ్ళూ గంగక్క మీదికి తిరిగాయి.

"గంగక్క యాడ చెప్తాది," అంది పద్మావతమ్మ. "మన ఇంటి మనిషి." గంగీ మళ్ళీ గంగక్క అయింది. "ఆ ట్రే నువ్వు తీసుకపో తల్లీ. మీరు తింటారు గదా. ఎందుకు పారేసేది."

"తింటాం పెద్దమ్మా. కానీ ఎండుచేపకు కారం కావల్ల, చింతపండు కావల్ల. దీన్ని చక్కెరేసి చెడగొట్టినారు. మా ఇంట్లో ఎవురూ ముట్టరు."

పద్మావతమ్మ ముఖం చిన్నబోయింది. తమ ఎంగిలిని ఇంకొకరు కాదనడం ఆమెకు ఇదే మొదలు.

"సరేలే. పో, గిన్నెలు కడుగు."

గంగక్క కదల్లేదు. "ముందు చెప్పండి. వాసన నాది కాదని."

"అందరికీ తెలిసిపాయె గదా, మళ్ళ చెప్పేదేంది?"

"వాసన నాదని నోటితో అంటిరి. అదే నోటితో కాదనల్ల. ఈడ్నే, వీళ్ళు నలుగురూ ఉండంగనే."

పద్మావతమ్మ బల్ల కాలు వైపు చూస్తూ అంది: "గంగక్కది కాదు."

"ఏది?"

"వాసన."

"మరెవురిది?"

ఎరువుల అంగడామె వాష్‌బేసిన్‌ దగ్గర్నుంచి ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "మనదే అని చెప్పేయ్ పద్మక్కా, నీకు పుణ్యముంటాది. ఈ మాటలు వింటాంటే నాకు మళ్ళ తిప్పుతాండాది."

"మా ఇంటిది," అంది పద్మావతమ్మ.

గంగక్క సీసా చెంగులో ముడి వేసుకుంది.

అంత జరిగాక కూడా పద్మావతమ్మకు బుద్ధి రాలేదు. "పొద్దున్నే ఇల్లంతా కడగల్ల. గోపంచకం చల్లల్ల. గంగక్కా, మీ తావున ఆవులుంటాయి గదా. వచ్చేటప్పుడు చెంబెడు తేమ్మా."

"తెస్తా పెద్దమ్మా," అంది గంగక్క. "పచ్చచుక్క ఉంటే తెస్తా, లేకుంటే తాకను."

పెరట్లోకి వెళ్ళి ఆ ఇంటి చీర విప్పి తీగ మీద వేసింది. తన చీర కట్టుకుని, సీసాను సంచిలో వేసుకుంది. ఆ పొద్దు బియ్యం కడిగిన నీళ్ళ బక్కెట్టు ఎత్తుకోబోతుంటే వంటింటి కిటికీలోంచి చెంచా చప్పుడు వినబడింది. తలెత్తి చూసింది. బంగారం అంగడామె ఒక్కతే ఉంది. ట్రేను పారేయడానికని తెచ్చి, చెత్తబుట్ట పక్కన నిలబడి, మూలల్లో కాలి అంటుకున్న మాడును గీకి గీకి తింటోంది.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె చెంచా దించలేదు. దించితే ఒప్పుకున్నట్టు అవుతుందనుకుందేమో.

"రేపు వస్తావు గదా గంగక్కా, మా ఇంటికి?" అంది, నోరు నిండా పెట్టుకుని.

"వస్తామ్మా. ఇంగ మీద స్నానం మా ఇంట్లోనే చేసొస్తా. నా చీరతోనే వండుతా."

బంగారం అంగడామె ఒక్కసారి హాలు వైపు చూసింది. నమిలింది. మింగింది.

"అట్లనే రా," అంది.